నాలుగో భుజం

నేను ఒక జెండాను. రంగు ఎరుపని వేరే చెప్పక్కర్లేదు, సమ్మె రోజుల్లో జూట్ మిల్లు గేటు మీద పుట్టాను. అక్కడ ఎగిరిన ఆ కొన్నాళ్లే నాకు సుఖం. తర్వాత పార్టీ చీలింది.

యాజమాన్యంతో రాజీకి సంతకం పెట్టేద్దామన్నాడు అప్పారావు. ససేమిరా అన్నాడు తవిటయ్య. పక్కపక్క మగ్గాల మీద పనిచేసిన స్నేహితులు, ఆ రోజు నుంచి మాటల్లేవు. తవిటయ్య నన్ను కర్ర నుంచి ఊడబీకి, చంకన పెట్టుకుని బయటికొచ్చేశాడు. అలా కొత్త పార్టీ పుట్టింది. నా మీద చుక్క గుర్తు మూలన వేయాలా, మధ్యన వేయాలా అన్న చర్చ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. అది తేలకే నా ఒంటి మీద ఇప్పటికీ ఏ గుర్తూ లేదు.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. ఈ సభ, ఆ ధర్నా, విప్పడం, మడవడం. విప్పినప్పుడల్లా కింద జనం పలచబడుతుంటే నాకు ఒకటే కంగారు.

మొన్న వేసవిలో తవిటయ్య పోయాడు. కామ్రేడ్ పోతే పార్టీ జెండా కప్పి సాగనంపడం మావాళ్ల ఆచారం. ఆయన గుండెల మీద పడుకున్నాక మొదటిసారి నా మనసు కుదుటపడింది. ఆయనతో శ్మశానం దాకా పోతే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాను.

పాడె పార్టీ సభ్యులే మోయాలని మావాళ్లు తీర్మానించారు. ఇరుగుపొరుగు వాళ్లను పక్కకు జరగమన్నారు కూడా. తీరా ఎత్తబోయే ముందు చూసుకుంటే మిగిలిన సభ్యులు ముగ్గురే!

అంతలో అప్పారావు వచ్చాడు, చేతిలో వాళ్ల పార్టీ జెండాతో.

"నానో బుజం పడతాను. మరి మా జెండా కూడా కప్పాల."

"కుదరదు గాక కుదరదు," అన్నాడు మా కార్యదర్శి సన్యాసిరావు.

వాదన ముదిరింది. ఎండా ముదిరింది. తవిటయ్య భార్య పైడమ్మ అరుగు దిగి వచ్చి, నన్ను లాగేసి, అప్పారావు చేతిలోది కూడా లాక్కుని, రెండింటినీ లోపల మంచం మీద పడేసింది.

"మీ జెండాల్ని నీడన ఉండనీండి. ఆయన ఎండలో ఉన్నాడు. నలుగురూ ఎత్తండి."

ఎత్తారు. వీధి మలుపులో అప్పారావు గొంతు వినిపించింది. "కామ్రేడ్ తవిటయ్యకూ..." ఆ తర్వాత ముగ్గురూ ఒక్కసారే, "జోహార్!" వెంట వెళ్లలేకపోయినందుకు నాకు ఏడుపొచ్చింది. ఆ కేక విన్నందుకు సంతోషమూ కలిగింది.

సంతాప సభలో మావాళ్లు మొదట చర్చించారని నా చెవిన పడిన సంగతేమిటో తెలుసా? అవతలి పార్టీ వాడి నినాదానికి బదులు పలకడం క్రమశిక్షణను మీరడమా, కాదా అని. అందరికంటే గట్టిగా పలికాడని ఒకణ్ణి బహిష్కరించారు. మిగిలిన ఇద్దరూ నాకోసం పైడమ్మ ఇంటికొచ్చారు.

"జెండా నాను ఇవ్వను బావూ," అంది పైడమ్మ. "ఆయన్ని మోసిన నలుగురూ కలిసి రండి. అప్పుడిత్తాను."

ఇప్పుడు ఆమె ట్రంకుపెట్టెలో, అప్పారావు తెచ్చిన జెండా పక్కనే ఉన్నాను. వాకిట్లో అడుగుల చప్పుడైతే చాలు, ఎంతమందో అని చెవులు రిక్కిస్తాను.