ఊ కొట్టిన బూట్లు

నువ్వు నమ్మవు. నాకు తెలుసు నువ్వు నమ్మవని. పందెం కాద్దామా? చివరిదాకా విన్నాక కూడా "పోరా, కోతలు కొయ్యకు" అనగలిగితే నా సైకిల్ నీదే. గేర్లున్న సైకిల్ రా బాబూ, ఆలోచించుకో. ముందే చెప్తున్నా, ఇది కథ కాదు, జరిగింది. కథకీ జరిగినదానికీ తేడా ఏంటో నీకే తెలుస్తుంది. విను.

బూట్ల పెద్దమ్మ అని ఒకావిడ. ఎవరికి పెద్దమ్మో ఎవరికీ తెలీదు, సందు మొత్తానికి పెద్దమ్మే. మార్కెట్ వెనక సందులో రెండో అంతస్తు, ఒకటే పెద్ద గది. జిగురు వాసన కింద మెట్ల దగ్గరే ముక్కుకి తగులుతుంది. గోడ నిండా చెక్క పాదాలు, సైజుల వారీగా వేలాడుతుంటాయి. పొద్దున ఎనిమిదిన్నరకల్లా పెద్దమ్మ కిటికీ పక్కన స్టూలేసుకుని, దారానికి మైనం రుద్ది, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి కూర్చుంటుంది. కోడలు తోలు కత్తిరించి ఇస్తుంది, అత్త కుడుతుంది.

ఎత్తుల మీద పనిచేసేవాళ్ల బూట్లవి. నిచ్చెనలెక్కే రంగులవాళ్లు, కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్లు, ట్యాంకులు కడిగేవాళ్లు. అడుగున చేప పొలుసుల్లా గాట్లుంటాయి, ఒక్కొక్కటీ చేత్తో కోసింది. నూనె ఒలికిన రేకు మీద నిలబడ్డా జారితే ఒట్టు. ఆ గాట్ల కోసం పెద్దమ్మ పదకొండేళ్లు కిందామీదా పడింది.

కుట్టేటప్పుడు కథ చెప్తుంది. బూటుకి నాలుక కుట్టడం మొదలెట్టగానే "అనగనగా" అంటుంది, ఆఖరి ముడి పడేసరికి కథ అయిపోవాలి. మధ్యమధ్యలో బూటు "ఊ" అంటుంది. నాలుక పెట్టాక ఊరుకుంటుందా మరి? ఎడమది సన్నగా అంటుంది, కుడిది బొంగురుగా. తర్వాత ఆ బూట్లు ఎవరి కాళ్లకున్నా సరే, కథ వినిపిస్తే చాలు, ఊ కొడతాయి. లైన్‌మన్లయితే స్తంభం మీద బోర్ కొట్టినప్పుడల్లా కాళ్లకి కథలు చెప్పుకుంటారు.

మామూలు మాటకి మాత్రం ఉలకవు, పలకవు. "వానొచ్చేలా ఉంది" అను, మూగనోము పట్టినట్టు కూర్చుంటాయి. కథే కావాలి వాటికి.

పెద్దమ్మ కొడుక్కయితే తెగ ఊ కొడతాయి. ఆయన ఆలస్యంగా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, "బస్సు పాడైందే, అందరం దిగి తోసుకుంటూ వచ్చాం" అంటుంటే కాళ్ల దగ్గర్నుంచి ఊ, ఊ, ఒకటే ఊ. "నా కొడుకంటే ఎంత ప్రేమో వాటికి!" అని పెద్దమ్మ మురిసిపోయేది. కోడలు మాత్రం గరిటె చేత్తో పట్టుకుని మొగుడి మొహంలోకి చూసేది, అంతే.

ఇలా హాయిగా సాగుతుండగా ఒకరోజు మెట్ల మీద టక్, టక్, టక్. చంకకర్రలు. కాలికి ఇంత పిండికట్టుతో రంగుల బాబాయి ఊడిపడ్డాడు. ఆయన గోడలకి రంగులేస్తాడు, ఏళ్లుగా పెద్దమ్మ బూట్లే తొడుగుతాడు.

"ఏమ్మా, మనుషుల్ని చంపుదామనా?"

"అయ్యో, ఆ కాలేంట్రా అబ్బాయ్?"

"ఏంటా? నీ బూట్ల పుణ్యం! మొన్న కొత్త జత కొన్నా. నిచ్చెన మీద పదో మెట్టు. జర్రున జారి రంగు డబ్బాతో సహా కిందున్నా. సగం ఒళ్లు పచ్చ రంగు, ఆస్పత్రిలో నర్సమ్మ భయపడి పారిపోయింది!"

భుజానున్న సంచిలోంచి బూటు తీసి బల్ల మీదకి విసిరాడు. అదే తోలు రంగు, అదే పసుపు దారం, పక్కన అదే ముద్ర: పెద్దమ్మ బూట్లు. ఆవిడ చేతిలోకి తీసుకుని తిప్పింది. అడుగున గాట్లున్నాయి, కానీ కోసినవి కాదు, అచ్చు పోసినవి. గోటితో రాస్తే పలక మీద రాసినట్టుంది, అంత నున్నగా. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది నా బిడ్డ కాదురా."

కోడలు లాక్కుని మడమ నొక్కింది. "ఊ," అంది బూటు. మళ్లీ నొక్కింది. "ఊ." లోపల ఏదో చిన్న మిషన్ పెట్టారు. కథ లేదు, కాకరకాయ లేదు, నొక్కితే ఊ.

"అవును, అడుగేస్తే ఊ, అడుగేస్తే ఊ," అన్నాడు రంగుల బాబాయి, మొహం వేలాడేసి. "కొత్త మోడలేమో అనుకున్నా. నేను పడుతుంటే కూడా ఊ అంది, దరిద్రపుది!"

"ఎక్కడ కొన్నావ్?"

"మార్కెట్ మొదట్లో. గుట్టగా పోసి అమ్ముతున్నారు. పెద్దమ్మా... నేనప్పుడే నీ మీద కంప్లయింట్ రాసిచ్చేశా."

అదీ సంగతి. రెండ్రోజుల్లో నకిలీ సరుకుల ఆఫీసు నుంచి మేడమ్ వచ్చేసింది. చెవి మీద పెన్ను, చంకలో ఫైలు. గదిలో ఉన్న రెండొందల పన్నెండు జతలూ గోనెసంచుల్లో కట్టించి సీలేసింది. అప్పుడు బయటపడింది అసలు బాంబు. ఆ దొంగ బూట్లు చేసేది ఊరవతల ఫ్యాక్టరీ ఓనరు. ఎవరి సరుకైనా మక్కీకి మక్కీ దించేస్తాడని వాడికి మక్కీ బాబు అని పేరు. వాడు ఆర్నెల్ల కిందటే ఆ గాట్ల డిజైన్ తన పేరు మీద రిజిస్టర్ చేయించేసుకున్నాడు! కాయితం ప్రకారం వాడిది ఒరిజినల్, పెద్దమ్మది నకిలీ.

"మీరెందుకు రిజిస్టర్ చేయించలేదు?" అని మేడమ్ అడిగితే పెద్దమ్మ అమాయకంగా చూసింది. "నా చేతులకి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలా అమ్మా?"

శనివారం పదకొండింటికి విచారణ. ఓడిపోతే రెండొందల పన్నెండు జతలూ ముక్కలు చేసే మిషన్‌లోకి పోతాయి, గదికి తాళం పడుతుంది, పెద్దమ్మ ఇక జన్మలో బూటు కుట్టకూడదు.

శనివారం. గుండె పట్టుకో.

ఆఫీసు మూడో అంతస్తులో. అద్దంలాంటి నాపరాళ్ల నేల. పొడుగు బల్ల మీద ఎడమవైపు పెద్దమ్మ బూట్లు కొన్ని, కుడివైపు మక్కీ బాబువి కొన్ని. మిగిలిన సంచులన్నీ మూలకి. చూడ్డానికి కవలపిల్లల్లా ఉన్నాయి. వెనక బెంచీ మీద పెద్దమ్మ కొడుకు, రంగుల బాబాయి, సగం సందు.

"పెద్దమ్మ బూట్లు ఊ కొడతాయని అందరికీ తెలిసిందే," అంది మేడమ్, ఫైలు తిప్పుతూ. "కాబట్టి తేల్చడం తేలికే. కొట్టించండి."

మక్కీ బాబు దర్జాగా లేచి మడమలు నొక్కాడు. ఊ. ఊ. ఊ. అన్నిటిదీ ఒకటే గొంతు, కానీ కొట్టాయి కదా!

"ఇప్పుడు మీరు."

పెద్దమ్మ లేచింది. "ఈ గాట్లు నేనే కనిపెట్టానమ్మా. మా ఆయన ఒకసారి నీళ్ల ట్యాంకు మీంచి జారిపడ్డాడు. ఆ రోజు నుంచి కోసి పారేసి, కోసి పారేసి, పదకొండేళ్లు..."

బూట్ల వైపు చూసింది. చడీచప్పుడు లేదు.

"మొదటి జత ఆయనకే కుట్టా. మళ్లీ జారలేదు."

లేదు. చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది.

మక్కీ బాబు పకపకా నవ్వాడు. "ఆవిడ మాట ఆవిడ బూట్లే వినట్లేదు మేడమ్! రాసేసుకోండి!"

మేడమ్ చెవి మీంచి పెన్ను తీసింది. పెద్దమ్మ కుర్చీలో కూలబడింది. "నా బిడ్డలే నన్ను కాదన్నాయే..."

కోడలు మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "అత్తయ్యా, ఏడుపాపండి. మీరిప్పుడు చెప్పింది కథా?"

"కథేంటే! నిజం!"

"మరి నిజానికి ఎందుకు కొడతాయి? మీ అబ్బాయి బస్సు పాడైందన్నప్పుడల్లా దేనికి కొడుతున్నాయనుకున్నారు ఇన్నాళ్లూ?"

పెద్దమ్మ మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. కొడుకు సీలింగ్ ఫ్యాన్‌కి రెక్కలెన్నో లెక్కపెడుతున్నాడు.

కోడలు కొంగు దోపి లేచి నిలబడింది. "మేడమ్, ఒక్క మాట. ఈ డిజైన్ ఎలా కనిపెట్టారో బాబుగారిని కూడా చెప్పమనండి. మడమలు నొక్కకుండా. చేతులు కట్టుకుని."

"న్యాయమే," అంది మేడమ్. "చెప్పండి."

"దాన్దేముంది," అని చేతులు కట్టుకున్నాడు మక్కీ బాబు. "చిన్నప్పట్నుంచీ నాకు బూట్లంటే పిచ్చి—"

"ఊ."

సన్నగా, ఎడమవైపు నుంచి. వాడు ఉలిక్కిపడ్డాడు.

"అదే... ఒకరోజు ఏటి ఒడ్డున కూర్చుంటే ఒక చేప ఎగిరింది. దాని పొలుసులు చూసి నాకు—"

"ఊ." "ఊ." "ఊ, తర్వాత?" అంది ఇంకో బొంగురు బూటు, ఉండబట్టలేక.

వాడు కంగారులో స్పీడ్ పెంచాడు. "రాత్రింబవళ్లు నేనే! స్వయంగా! ఈ చేతుల్తో కోసి, కోసి—"

ఇంక చూడు! బల్ల మీదవి, మూల సంచుల్లోవి, నాలుగొందల ఇరవై నాలుగు బూట్లూ ఒక్కసారే ఊఊఊ! కిటికీ అద్దాలు గలగలలాడాయి, ఫైలు కింద పడింది, రంగుల బాబాయి చంకకర్ర పైకెత్తి ఈలేశాడు. కుడివైపు వాడి బూట్లు మాత్రం మాటాపలుకూ లేకుండా చచ్చినట్టు పడున్నాయి.

మక్కీ బాబు నోరు మూశాడు. బూట్లూ మూశాయి.

"అది... మేడమ్, ఈ ముసలావిడెవరో కూడా నాకు తెలీదు. ఈవిడ బూట్లు నేను జన్మలో చూళ్లేదు."

"ఊ."

ఈసారి బల్ల మీంచే కాదు. బల్ల కింద నుంచి కూడా వచ్చింది.

మేడమ్ వంగి చూసింది. వాడు కాళ్లు కుర్చీ కిందకి లాక్కున్నాడు. "ఇటు పెట్టండి," అంది. పెట్టాడు. పసుపు దారం, చేత్తో కోసిన గాట్లు, వాడి వాడి మెత్తబడ్డ తోలు. సాక్షాత్తూ పెద్దమ్మ కుట్టిన జత!

"మీ ఫ్యాక్టరీవి వేసుకోలేదేం?"

"అవి... పాలిష్‌కి ఇచ్చాను మేడమ్."

"ఊ," అంది కుడి బూటు, బొంగురుగా.

"వేసుకుంటే పడతాడు కాబట్టి!" అని అరిచాడు రంగుల బాబాయి. "నన్నడగండి, నేను చెప్తా! నా కాలుని అడగండి!"

మేడమ్ ఫైలు తీసుకుని తీరిగ్గా రాసింది: "బూట్లు ఊ కొట్టినవి." సంతకం, ముద్ర. కుడివైపు సరుకంతా మిషన్‌లోకి, ఫ్యాక్టరీకి తాళం, వాడి రిజిస్ట్రేషన్ రద్దు. గాట్లు ఆ పూటే పెద్దమ్మ పేరు మీద ఎక్కించింది. తర్వాత పెన్ను మళ్లీ చెవి మీద పెట్టుకుని, "ఆ కాళ్లకున్నవి సాక్ష్యం. విప్పండి," అంది.

"మరి నేనింటికెలా వెళ్లాలి?"

"మీ సరుకుందిగా. ఒక జత తొడుక్కోండి."

బయట మెట్లు అప్పుడే తుడిచారు. తళతళలాడుతున్నాయి. మక్కీ బాబు రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, పిల్లి గోడ దిగినట్టు దిగాడు. అడుగేస్తే ఊ. అడుగేస్తే ఊ. మూడంతస్తులూ ఊ, ఊ, ఊ. సందు సందంతా పైనుంచి వంగి చూస్తోంది. చివరి రెండు మెట్లకి మాత్రం ఊ వినపడలేదు. జర్ర్. దబ్. అప్పుడొక్క పెద్ద ఊ.

పెద్దమ్మ నవ్వలేదు. ఎడమవైపు బూట్లని ఒక్కొక్కటీ తీసి, నాలుక సరిచేసి, సంచిలో పెట్టుకుంది. "నిజం చెప్తే నోరు మూసుకుంటాయని ఇన్నాళ్లూ తెలీలేదు చూడు," అంది కోడలితో. "కుట్టిందాన్ని నేను, వాటి మనసు చదివిందానివి నువ్వు."

ఆ రోజు నుంచి కొడుకు బూట్లు కింద మెట్ల దగ్గరే విప్పేసి ఉత్తకాళ్లతో పైకొస్తున్నాడు. లాభం లేదు. కోడలు కిందకెళ్లి వాటిని చేత్తో పట్టుకొచ్చి, గుమ్మంలో నిలబడి, "ఆఁ, ఇప్పుడు చెప్పండి, బస్సుకేమైంది?" అంటోంది.

ఏంటి, నమ్మలేదా? నాకు టైప్ చేస్తూ పైకి చదివే అలవాటుంది కదా. ఇంతసేపూ నా మంచం కింద పెద్దమ్మ కుట్టిన జత ఉంది. చెవులు రిక్కించుకుని మరీ వింటోంది. ఒక్కసారి కూడా నోరెత్తలేదు. అర్థమైందా దాని అర్థం? సైకిల్ మీద ఆశ వదిలెయ్. అసలు దీనికంటే పెద్దది ఇంకోటుంది, మొన్న ఆ మక్కీ బాబు పెద్దమ్మ దగ్గరికొచ్చి ఏమన్నాడో తెలుసా, వాడు

ఆగు, అమ్మ పిలుస్తోంది. "లెక్కలు చేశావా?" అంట.

"ఎప్పుడో చేసేశానమ్మా!"

ఊ.

చచ్చాన్రా. వినేసింది. వస్తోం