నోటి ఊపిరి

“ఈ వయసుల నన్ను నిక్కరేసుకోమంటవా? నేనేమన్న బడికి పోతున్ననా?” అంటూ ఉప్పలయ్య లుంగీ ముడి మరింత బిగించాడు.

“లుంగీతోని సముద్రంల దిగితే చేపలు నవ్వుతయి,” అంది మైసమ్మ, కొత్త నిక్కరు మడత విప్పుతూ.

“నీ మొగుణ్ని సూసి నవ్వనోళ్లెవరు? నవ్వనీ.”

చివరికి నిక్కరు మీదే లుంగీ కట్టుకుని పడవెక్కాడు.

మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపేచోట పెళ్లికి ముందు నుంచీ చేస్తున్నాడతను. కోదాడ దవాఖానలో నర్సుగా ఉన్న కూతురు కృప, ఛాతీ ఫొటో తీయించిన రోజు నుంచి ఆ పని మానమంటోంది. అడిగినప్పుడల్లా అతను మాట దాటేసేవాడు. ఈమధ్య అడగడం మానేసి, ఇద్దరినీ అండమాన్‌కు తీసుకొచ్చింది.

పడవ పక్కన డాల్ఫిన్లు నల్లగా లేచి మునిగాయి. “మన సెరువుల బర్రెల లెక్కనే ఉన్నయి,” అంది మైసమ్మ. కాసేపటికి ఒక తాబేలు తల పైకెత్తి, గాలి పీల్చుకుని, తొందర లేకుండా కిందికి దిగిపోయింది. అది మునిగిన చోటునే ఉప్పలయ్య చాలాసేపు చూశాడు.

దీవి దగ్గర లోతు తక్కువ నీళ్లలో పడవ ఆపారు. పడవ నడిపే జయరాజు పెద్దలెప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. అతను ఉప్పలయ్యకు కళ్లను, ముక్కును మూసే అద్దం తొడిగి, పైపు నోటికిచ్చాడు.

“ముక్కుతో కుదరదు బాబాయ్. నోటితోనే పీల్చాలి.”

ఉప్పలయ్య నీళ్లలో ముఖం పెట్టాడు. వెంటనే ఎర్రబడి లేచాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ లేచాడు.

“గాలొస్తలేదు. పైపు ఖరాబైంది.”

జయరాజు ఊది చూశాడు. పైపు బాగానే ఉంది.

కృప నీళ్లలో నడిచి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. “నువ్వు పీలుస్తలేవు నాయినా. డ్యూటీల లెక్క నోరు బిగబట్టినవ్.”

అది నిజమే. బస్తాల దగ్గర నోరు తెరిస్తే నాలుక మీద సిమెంటు ముద్దవుతుంది. అక్కడ ఎవర్నైనా పిలవాలంటే చప్పట్లే. ఇంట్లో కూతుర్ని కూడా అలాగే పిలిచేవాడు.

“గీడ దుమ్ము లేదు. నోరు తెరువ్.”

ఉప్పలయ్య తెరిచాడు. మొదటి గుక్కలో ఉప్పు, రబ్బరు వాసన. తర్వాత గాలి నిండుగా వచ్చింది. పసుపు చారల చేపలు అతని వేళ్ల సందుల్లోంచి దూరిపోయాయి. ఊడిన లుంగీ పక్కన తేలుతున్నా పట్టించుకోలేదు. అప్పుడే చెవుల నిండా ఒక చప్పుడు వినిపించింది. సన్నగా, తెగి తెగి, మూలుగులాగా. ఎక్కడిదా అని ఊపిరి ఆపాడు. చప్పుడు ఆగిపోయింది. పీల్చాడు. మళ్లీ మొదలైంది.

తన ఛాతీలో ఉందని కృప ఎప్పటినుంచో చెబుతున్న పిల్లికూత అదే. మిషన్ల హోరుకు అలవాటైన చెవులకు అదెప్పుడూ వినపడలేదు.

మధ్యాహ్నం పడవలోనే భోజనాలు. మైసమ్మ చేపల పులుసు వడ్డిస్తుంటే అతను అన్నం కలుపుతూ మెల్లగా అన్నాడు.

“కృపా, ఇంటికి పోంగనే మేస్త్రీకి చెప్పొస్త. ఇగ పనికి పోను.”

మైసమ్మ అతని పళ్లెంలో ఇంకో చేపముక్క వేసింది.

“అయితే దినాం నన్నే సతాయిస్తవన్నట్టు.”

“ఇన్నొద్దులు తప్పించుకున్నవ్.”

కృప తలెత్తలేదు. కలిపిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలిపింది.

జయరాజు వాడిన పైపులన్నీ మంచినీళ్ల బకెట్లో వేస్తున్నాడు. ఉప్పలయ్యది మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. దాని రబ్బరు కొస మీద, లోతుగా, పంటిగాట్లు.