తలకిందులైన అరవై ఆరు

పిన్ని మొదటి తప్పు చలి వల్ల చేసింది. రెండో తప్పుకి మాత్రం చలిని తిట్టుకోవడానికి వీల్లేదు.

నిజానికి ఆమె ఎవరికీ పిన్ని కాదు. ఇరవై ఏళ్ళ పిల్ల. కాలేజీ సైకిల్ జట్టులో అమ్మాయిలందరి వీపులకీ రేసు నంబర్లు పిన్నీసులతో పెట్టేది ఆమే కాబట్టి మొదటి ఏడాదే ఆ పేరు అంటుకుంది. ఎవరి వీపు వాళ్ళకి అందదు. అందినా కనపడదు. అందుకే రేసు రోజు పొద్దున్నే జట్టంతా ఆమె ముందు వీపులు తిప్పుకుని వరుసగా నిలబడేది. రెండేళ్ళలో ఒక్క పిన్నీసు ఊడిందన్న మాట రాలేదు.

ఆమె పనితనంలో చిన్న దొంగతనం కూడా ఉంది. నంబరు కాగితం కింది అంచున నిర్వాహకుల పేరు అచ్చేసిన పట్టీ ఒకటి ఉంటుంది. గాలికి అది పటపటా కొట్టుకుంటుందని పిన్ని దాన్ని లోపలికి మడిచేసేది. నిబంధనల ప్రకారం మడవకూడదు. కానీ అన్ని జట్లూ మడిచేవి, జడ్జిలూ చూసీ చూడనట్టు వదిలేసేవారు.

సీజన్ మొదట్లో మూడు వారాంతాలు వరసగా రేసులు. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. ఆ ఆరు రేసుల్లో అన్ని కాలేజీల అమ్మాయిల్లోకీ ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న ఒకే ఒక్కరికి జాతీయ శిక్షణ శిబిరంలో సీటు. మూడో వారాంతం వచ్చేసరికి పోటీ ముగ్గురి మధ్యకి వచ్చింది. ముందు పిన్ని జట్టులోని పిడుగు, రెండు పాయింట్ల వెనక పక్క కాలేజీ ఎర్ర హెల్మెట్ పిల్ల, ఆ వెనక ఒక్క పాయింటు తేడాలో పిన్ని.

పిడుగు, పిన్ని ఒకే గదిలో ఉంటారు. ఒకే ఎత్తు, ఒకే ఒడ్డూ పొడుగూ. హెల్మెట్ పెట్టి నల్లద్దాలు తగిలిస్తే జట్టుకి శిక్షణ ఇచ్చే మాస్టారు కూడా ఒకరి బదులు ఇంకొకర్ని కేకలేసేవారు. తేడా ఒక్కటే. పిన్ని వచ్చే ఏడాది కూడా ఆ సీటుకి పోటీ పడొచ్చు. పిడుగుకి వయసు దాటిపోతుంది.

ఆ శనివారం పొద్దున వ్యాను తలుపు తెరిచి ఉంది. చలిగాలి కోసేస్తోంది. పిన్ని వేళ్ళు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయాయి.

"ఏమే, వీపు మీద బట్టలు కుడుతున్నావా? తొందరగా కానీ," అంది పిడుగు.

"కదలకు. గుచ్చుకుంటే నన్నని లాభం లేదు."

"గుచ్చవే తల్లీ. ఆ మంటకైనా ఇంకాస్త జోరుగా తొక్కుతా."

పిన్ని పట్టీ మడిచి, కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని, చేతులు నోటి దగ్గర ఊదుకుని, మళ్ళీ తీసి పెట్టేసింది. పట్టీ లోపలికి పోయాక ఆ కాగితానికి పైనేదో కిందేదో చెప్పే గుర్తు మిగల్లేదు. ఉన్నవి రెండు అంకెలు. ఆరు, ఆరు.

జట్టులో మిగతా అందరికీ అరవైల్లో నంబర్లు వచ్చాయి. పేర్లు పంపిన రోజున పిన్ని జ్వరంతో పడుకుంది. ఆమె పేరు జాబితా చివర్లో చేరింది. ఆమె నంబరు తొంభై తొమ్మిది.

రేసు చివరి మలుపు తిరిగేసరికి గుంపు ఇంకా విడిపోలేదు. పిన్ని ఇరుక్కుపోయి పదిహేనో పదహారో స్థానంలో గీత దాటింది. ఊపిరి అందుకుంటూ చూస్తే రోడ్డు పక్క గడ్డిలో పిడుగు బోర్లా పడి దగ్గుతోంది. వీపు మీద నంబరు స్పష్టంగా కనిపిస్తోంది. తొంభై తొమ్మిది.

పిన్నికి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయం వేసింది. ఇది జట్టు కంట పడితే సీజనంతా తన బతుకు నవ్వులపాలే. "ఆగు, నంబరు తీసేస్తా, చెమటకి నానిపోతోంది," అంటూ నాలుగు పిన్నీసులూ లాగేసి కాగితాన్ని ఉండ చుట్టి జేబులో కుక్కుకుంది. అప్పటికి ఆమె మనసులో ఉన్నది అంతే. వెక్కిరింతలు తప్పించుకోవాలి.

పది నిమిషాలకి మైకులో ఫలితాలు చదివారు. పాయింట్లొచ్చే మొదటి పదిమంది నంబర్లే రాసుకుంటారు, మిగతావాళ్ళని గుంపుగా లెక్కేస్తారు.

"మూడో స్థానం, నంబరు తొంభై తొమ్మిది."

పిడుగు గడ్డిలోంచి లేచి కూర్చుంది. "అదేంటి? మూడు నాది కదా!"

పిడుగు జడ్జి మేడమ్ బల్ల దగ్గరికి పరిగెత్తింది, వెనకే పిన్ని. ఆవిడ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు పైకి నెట్టి ఫోనులో ఫొటో చూపించింది. వేగానికి మొహాలన్నీ చెదిరిపోయాయి. నంబరు మాత్రం చక్కగా పడింది.

"నీ నంబరు ఎంతమ్మా?"

"అరవై ఆరు, మేడమ్."

"ఇక్కడేముందో నువ్వే చదువు."

"తొంభై తొమ్మిది," అంది పిడుగు. గొంతు తగ్గిపోయింది. వెనక్కి తిరిగింది. "పిన్నీ, నువ్వు నా పక్కనే ఉన్నావా?"

ఉండ చుట్టిన కాగితం పిన్ని జేబులో ఉంది. ఒక్క మాట చాలు. అభ్యంతరం చెప్పడానికి పదిహేను నిమిషాల గడువని బల్ల మీద అట్టముక్కకి రాసి కూడా పెట్టారు. పిన్ని జేబు మీద చెయ్యి వేసుకుంది.

"ఉన్నాననుకుంటా."

"అయితే నువ్వేనే!" పిడుగు వచ్చి కావలించుకుంది. "నేను కళ్ళు మూసుకుని తొక్కా. ఎక్కడున్నానో నాకే తెలీదు. దొంగమొహమా, చివర్లో భలే దూరావే!"

పదిహేను నిమిషాలూ గడిచాయి. జడ్జి మేడమ్ కాగితం మీద సంతకం పెట్టింది. సీటుకి ఇప్పుడు అందరికంటే ముందున్నది పిన్ని.

సాయంత్రం బసలో పిడుగు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. పిడుగు స్పీకరు పెట్టి బట్టలు ఉతుక్కుంటోంది.

"పోనీలే తల్లీ, నీకు రాకపోతే పిన్నికి వచ్చింది. అది మాత్రం పరాయిదా? ఏదీ, దానికివ్వు ఒకసారి."

"వింటోందమ్మా, మాట్లాడు."

"ఏమ్మా పిన్నీ, మా అమ్మాయి ఏడ్చిందా? నాకు నిజం చెప్పు. అది నాకు చెప్పదు."

"లేదు పిన్నిగారూ..." అంది పిన్ని.

"నువ్వే పిన్నివి, మళ్ళీ నేను కూడానా!" ఆవిడ పకపకా నవ్వింది. "రేపు బాగా తొక్కు బంగారం. నా దీవెనలు నీకే."

పిన్ని చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి పిడుగు పళ్ళు తోముకుంటోంది. రెండోసారి పిడుగే పిన్ని సైకిల్ గొలుసుకి నూనె వేస్తోంది. తన దానికి ఇంకా వేసుకోనేలేదు. "రేపు నీది బాగుండాలి కదే," అంది. ఆ మాటతో పిన్ని గొంతులో ఉన్నది కాస్తా లోపలికి దిగిపోయింది.

ఆదివారం పొద్దున మాస్టారు జట్టుని వ్యాను పక్కన నిలబెట్టారు.

"ఇవాళ ఎవరి రేసు వాళ్ళది కాదు. అందరూ పిన్ని కోసమే తొక్కాలి. పిడుగూ, నీకు కష్టమని తెలుసు."

"కష్టమేముంది మాస్టారూ? సీటు మన గదికే వస్తోందిగా."

పిన్ని ఆమె వీపుకి నంబరు పెట్టింది. నిన్నటి నలిగిన కాగితాన్నే సాఫు చేసి, ఈసారి పట్టీ మడవకుండా, నిటారుగా.

"మడవలేదేంటే?"

"జడ్జిలు గట్టిగా ఉన్నార్ట."

"నీకెప్పట్నుంచే భయం?"

పిన్ని నాలుగో పిన్నీసు నొక్కి పెట్టింది.

రేసంతా పిడుగు పిన్నికి గొడుగులా ముందు తొక్కింది. ఎదురుగాలి మొత్తం తన ఛాతీ మీద తీసుకుంది. రెండుసార్లు వెనక వస్తున్న జట్టు కారు దాకా వెళ్ళి నీళ్ళ సీసాలు తెచ్చి ముందు పిన్నికిచ్చి, మిగిలింది తను తాగింది. "తిన్నావా? కాస్త తిను," అని మూడుసార్లు అడిగింది. పిడుగు వెనక చక్రానికీ పిన్ని ముందు చక్రానికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడు దూరంలో కూర్చుని పిన్ని డెబ్భై కిలోమీటర్లు ఆ వీపునే చూసింది. అరవై ఆరు. అరవై ఆరు. చదవడానికి అంతకంటే సులువైన నంబరు లోకంలో లేదు.

ఇంకో ఐదు కిలోమీటర్లు ఉందనగా ఎర్ర హెల్మెట్ గుంపులోంచి దూసుకుపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు.

"పట్టుకో!" పిడుగు కేక వేసి లేచి నిలబడి తొక్కింది. రెండు కిలోమీటర్లు ఒంటి చేత్తో బండి లాగినట్టు లాగింది. పిన్ని వెనకే ఉంది. పిడుగు మోకాళ్ళు వణకడం, మెడ ఒక పక్కకి వాలిపోవడం కనిపిస్తూనే ఉన్నాయి. ముందున్న ముగ్గురూ యాభై గజాల్లోకి వచ్చేశారు. పిడుగు మోచెయ్యి విదిల్చింది. నా పని అయింది, ఇక నువ్వు పో అని దాని అర్థం.

పిన్ని పోలేదు.

"వెళ్ళవే!"

"వెళ్ళలేను."

"కాళ్ళు పట్టేశాయా?"

"నిన్నటి మూడో స్థానం నీది. నీ నంబరు నేను తలకిందులుగా పెట్టాను. అరవై ఆరు తొంభై తొమ్మిదైంది."

పిడుగు తొక్కడం ఆపేసింది. చక్రాలు వాటంతటవే దొర్లుతున్నాయి. వెనకనుంచి గుంపు హోరుమని వచ్చి ఇద్దర్నీ దాటుకుంటూ పోయింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"గడ్డిలో. పిన్నీసులు తీసినప్పుడు."

"అంటే నేను మేడమ్ ఫోనులో నన్ను నేను వెతుక్కుంటున్నప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"నిన్న సాయంత్రం చెప్పొచ్చు. పొద్దున చెప్పొచ్చు. చివరి ఐదు కిలోమీటర్ల ముందు చెప్పినా నా కాళ్ళలో ఏదో మిగిలేది కదే!" పిడుగు హ్యాండిల్ మీద గుద్దింది. "అంతా పిండేశాక చెప్తావా? ఎవరి కోసం చెప్పావిది? నాకోసమా, నీ కడుపులో మంట చల్లారడానికా?"

ఇద్దరూ అందరికంటే వెనక గీత దాటారు.

జడ్జి మేడమ్ పిన్ని చెప్పింది మొత్తం విన్నది. ఫోను తీసి, నిన్నటి ఫొటో వెతికి, ఫోనుని తలకిందులుగా తిప్పి చూసింది.

"మడవొద్దని ఎందుకంటామో ఇప్పుడర్థమైందా?"

"తప్పు నాది మేడమ్. ఆ పాయింట్లు తనకిచ్చేయండి. నన్నేం చేసినా ఫర్వాలేదు."

"నిన్న ఆ పదిహేను నిమిషాల్లో చెప్పి ఉంటే నా చేత్తో నేనే దిద్దేదాన్ని. సంతకం పడ్డాక నేను కొట్టెయ్యగలను గానీ కలపలేను. నీ మూడో స్థానం కొట్టేస్తున్నా. ఈ సీజన్‌కి నీకు రేసుల్లేవు. అక్కడ ఖాళీ గీత ఉంటుంది. ఎవరి పేరూ ఉండదు."

పిన్ని లెక్క వేసుకుంది. ఎర్ర హెల్మెట్‌కి నిన్న వచ్చింది ఒక్క పాయింటే, ఇవాళ మూడో స్థానం. నిన్నటి పాయింట్లు పిడుగు ఖాతాలో ఉండి ఉంటే, ఇవాళ సున్నా వచ్చినా సరే, ఒక్క పాయింటు తేడాతో సీటు పిడుగుదే. ఇప్పుడది ఎర్ర హెల్మెట్‌ది.

మాస్టారు అంతా విని నెత్తి మీద టోపీ తీసి చేత్తో నలిపారు. "సైకిళ్ళు ఎక్కించండి," అని మాత్రం అన్నారు.

పిడుగు వ్యాను దగ్గరికి రాలేదు. మొహం తుడుచుకుని ఎర్ర హెల్మెట్ పిల్ల దగ్గరికి వెళ్ళింది. చెయ్యి కలిపింది. ఏదో చెప్పి నవ్వించింది. తిరిగొచ్చి, పిన్ని కళ్ళలోకి చూడకుండా అంది.

"నువ్వు కూడా వెళ్ళి చెప్పు. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదుగా."

"నువ్వు... నాతో..."

"వెళ్ళు."

పిన్ని వెళ్ళింది. ఎర్ర హెల్మెట్ పిల్లకి పద్దెనిమిదేళ్ళు కూడా ఉన్నట్టు లేవు. చెంపల మీద బురద చారలు, మధ్యలో తెల్లటి పళ్ళు. పిన్నిని చూడగానే రెండు చేతులూ పట్టేసుకుంది.

"అక్కా! మీ జట్టువాళ్ళు ఎంత మంచోళ్ళక్కా! ఇందాక ఆ అక్క కూడా వచ్చి చెప్పింది. మీరిద్దరూ మా మీదకి వచ్చేస్తుంటే నా పనైపోయిందనుకున్నా. ఉన్నట్టుండి ఆగిపోయారేంటి? గొలుసు పడిందా?"

అవును అంటే చాలు. ఆ పిల్ల అయ్యో అంటుంది, అంతటితో అయిపోతుంది. సీజనంతా ఎవరడిగినా చెప్పుకోవడానికి బాగుంటుంది. పిన్ని వెనక్కి చూసింది. పిడుగు వ్యాను మెట్టు మీద కూర్చుని బూటు తాళ్ళు విప్పుకుంటోంది. ఇటు చూడడం లేదు. వింటోందో లేదో తెలియదు.

"లేదు," అంది పిన్ని. "గొలుసు బాగానే ఉంది. ఆగింది నేను. ఎందుకంటే..."

ఆ పిల్ల నవ్వు మెల్లమెల్లగా ఆగిపోతుంటే, పిన్ని మొదట్నుంచీ చెప్పుకుంటూ పోయింది.