మొదటి వాయి

ఇనప మూకుడును మధ్యాహ్నం ఇటుకపొడితో తోమి ఆరబెడితే, సాయంత్రం అందులో వేయించిన మొదటి వాయి అన్నం బూడిద రంగుకు తిరుగుతుంది. నోట్లో పెట్టుకుంటే ఇనుము రుచి. అది బేరానికి పనికిరాదు. తిన్నవాడు మళ్లీ ఆ దుకాణం వైపు చూడడు. అందుకే నరసరావుపేట స్టేషన్ రోడ్డులోని ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లన్నిటిలో ఒక పద్ధతి ఉంది. మొదటి వాయి పనివాళ్లు తింటారు. అమ్మకం రెండో వాయి నుంచి.

ఆ పద్ధతి ఎక్కడ మొదలైందని అడిగితే అందరూ రవిశంకర్ సెంటర్ వైపు చూపిస్తారు. ఇప్పుడది అద్దాల తలుపులున్న దుకాణం. ఒకప్పుడు నాలుగు చక్రాల బండి. మిరపకాయలు అమ్మిన డబ్బుతో బండి కొన్నవాడు రవిశంకర్. గుంటూరులో ఒక నేపాలీ మాస్టర్ దగ్గర గరిటె తిప్పడం నేర్చుకొచ్చినవాడు జయకర్. ఆ రోజుల్లో ఓనరెవరో మాస్టరెవరో రోడ్డు మీద పోయేవాళ్లకు తెలిసేది కాదు. ఒకడు ఉల్లికాడలు తరిగితే ఇంకొకడు స్టవ్‌కు గాలి కొట్టేవాడు.

పొద్దువాలే వేళ, బండి మీద లైటు వెలిగించకముందు, జయకర్ మొదటి వాయి దించేవాడు. ప్లేట్లు బేరానికి కావాలి కాబట్టి మూకుడు మూతను తిరగేసి అందులో పోసేవాడు. అవతలి వైపు నుంచి రవిశంకర్, ఇవతలి వైపు నుంచి తను. అన్నం రెండు వైపుల నుంచీ తరుగుతూ వచ్చి మధ్యలో సన్నటి గట్టులా మిగిలేది. ఆ గట్టును ముందు ఎవరు కూలిస్తే వాళ్లు మూత కడగాలి. చివర్లో ఇద్దరూ మెతుకు మెతుకు ఏరుకుని తినేవాళ్లు. రవిశంకర్ మోసం చేసేవాడు. అటు లారీ వస్తోందని చూపించి, జయకర్ తల తిప్పగానే గట్టును తన వేలితో అతని వైపు తోసేవాడు.

కారంపూడి పక్క పల్లెలో ఉండే తండ్రి ప్రభుదాసుకు జయకర్ ఈ సంగతి ఒకసారి మామూలుగా చెప్పాడు. ప్రభుదాసు జీవితమంతా రవిశంకర్ వాళ్లలాంటి కుటుంబాల పొలాల్లో పనిచేశాడు. వాళ్ల పశువుల కొట్టం చూరులో తన టీ గ్లాసు విడిగా బోర్లించి ఉండేది.

"ఒకే మూతలోనా?" అన్నాడు.

"ఒకే మూతలోనే నాయనా."

"ఎవురూ లేనప్పుడా?"

"రోడ్డు మీద. అందరూ చూస్తానే ఉంటారు."

ప్రభుదాసు లేచి వెళ్లి దొడ్లో ఉన్న భార్యకు ఆ మాట చెప్పాడు, ఊళ్లో ఏదో శుభకార్యం జరగబోతున్నట్టు. ఆ తర్వాత కొడుకు ఎప్పుడు వచ్చినా, కాళ్లు కడుక్కోకముందే అడిగే ప్రశ్న ఒకటే. "ఇంకా తింటన్నారా?" జయకర్ "తింటన్నాం" అనేవాడు. తండ్రి పోయేదాకా అదే ప్రశ్న, అదే జవాబు.

ఈ ఏడు స్టేషన్ రోడ్డులో జీతాల గొడవ మొదలైంది. ప్రభుత్వం చెప్పిన కనీస వేతనమైనా తమకు రావడం లేదని పనివాళ్లు అన్నారు. వస్తూనే ఉందని ఓనర్లు అన్నారు. చేతికిచ్చేది తక్కువే కావచ్చు, రోజూ పెట్టే తిండి ఖరీదు కలిపితే రేటు దాటుతుందన్నది వాళ్ల వాదన. పేచీ అంతా చివరికి తిండి దగ్గరకొచ్చి ఆగింది. తిండి జీతంలో భాగమా, కాదా? తేల్చుకోవడానికి ఓనర్లూ పనివాళ్లూ ఒక చోట కూర్చోవాలని అనుకున్నారు.

ముందురోజు జయకర్ మూకుడు తోముతుంటే రవిశంకర్ వంటగది గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"ఒరేయ్, రేపు మీటింగుకి రావాలి నువ్వు."

"నాకెందుకన్నా మీటింగు?"

బండి రోజుల్లో "ఏరా రవీ" అనేవాడు. అద్దాల తలుపులు పెట్టాక, కస్టమర్ల ముందు బాగుండదని "అన్నా" అయింది. అలా పిలవమని ఎవరూ చెప్పలేదు.

"ఇలియాస్ గాడు ఎగురుతన్నాడు. పక్క సెంటర్లో చేరి యాడాది కాలా, అప్పుడే లీడరంట. తిండి లెక్కలోకి రాదంట! నువ్వొచ్చి ఒక్క మాట చెప్పరా. మనమెట్టా తిన్నామో చెప్పు. నీ మాటయితే ఈ పిల్లకాయలు వింటారు."

జయకర్ తల ఊపాడు. రవిశంకర్ వెళ్లిపోయాక, పార్సిల్ డబ్బాలు సర్దుతున్న అఫ్రీన్ దగ్గరకొచ్చింది. డిగ్రీ మధ్యలో ఆపి ఇక్కడ చేరిన పిల్ల. ప్యాకింగూ బిల్లులూ చూస్తుంది.

"ఏం చెప్తావు బాబాయ్?"

"ఉన్నదే చెప్తా."

"నేనసలు మొదటి వాయి ముట్టుకోను బాబాయ్. ఆ వాసనకే కడుపులో తిప్పుద్ది. ఇంటికి పోయి తింటన్నా. అయినా నాక్కూడా తిండి పెడతన్నట్టే గదా లెక్క! తినని కూడుకి జీతం కోయించుకుంటన్నా."

జయకర్‌కు నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు అదే మాట మనసులో మెదిలింది. ఆ అన్నాన్ని ఎవరైనా జీతమని పిలవడం అతనికి ఇష్టం లేదు. జీతమని ఓనర్లు అంటున్నారు. పనికిరాని కూడని పనివాళ్లు అంటున్నారు. రెండు మాటల్లోనూ తండ్రి కాళ్లు కడుక్కోకముందే అడిగిన ప్రశ్నకు చోటు లేదు. రేపు తను అవునంటే అఫ్రీన్‌లాంటి వాళ్ల జీతాలు ఉన్నచోటే ఉంటాయి. కాదంటే, తండ్రికి అన్నేళ్లు తను వార్తగా మోసుకెళ్లినది అమ్ముడుపోని అన్నమవుతుంది. రెండింట్లో ఏది పోతే తనకు ఎక్కువ నొప్పి అని అతను తనను తాను అడిగి చూసుకున్నాడు. జవాబు వచ్చింది. అది అతనికి నచ్చలేదు.

మర్నాడు మధ్యాహ్నం, దుకాణాలు తెరవకముందు, ఖాళీగా ఉన్న ఒక కల్యాణమండపంలో కలిశారు. కుర్చీల్లో ఓనర్లు. గోడ పక్కన పరిచిన తివాచీ మీద పనివాళ్లు. కుర్చీలు ఇంకా ఉన్నా వాళ్లు కిందే కూర్చున్నారు. ఓనర్లలో పెద్దవాడు ఆదినారాయణ పంచాయితీ నడిపిస్తున్నాడు.

"మాట్లాడు ఇలియాస్. నిన్నటిదాకా రోడ్డు మీద మాట్లాడావుగా," అన్నాడు.

ఇలియాస్ లేచాడు. "ఏముంది పెదనాయనా, తిండి తిండి అంటన్నారు. ఏం పెడతన్నారు? మొదటి వాయి. ఇనప కంపు. దాన్ని కుక్కకేస్తే వాసన చూసి, మీ బోర్డు చదువుకుని పోయిద్ది. అది మా జీతంలో కలుపుతారా?"

తివాచీ మీద నవ్వులు.

రవిశంకర్ కుర్చీలోంచి లేచాడు. అతని ముఖం ఎర్రబడింది. "ఆ కంపు నేను తిన్నాన్రా! ఓనర్ని, నేను తిన్నా. నేనూ జయకరూ ఒకే మూతలో తిన్నాం, ఇన్నేళ్లూ. మీ ఓనరు ఎప్పుడన్నా నీతో తిన్నాడా? మాకు జీతాలు, లెక్కలు తెలీదు అప్పుడు. జయకర్ ఉన్నాడుగా, అడగండి."

 జయకర్‌కు తెలుసు, అది నటన కాదు. రవిశంకర్ ఆ మాట నమ్మి అంటున్నాడు. తనూ నమ్మాడు. అందరూ తన వైపు చూస్తుంటే జయకర్ లేచి నిలబడ్డాడు.

"అవును. తిన్నాం," అన్నాడు. "ఒకే మూతలో తిన్నాం. మధ్యలో గట్టు మిగిలేది..." చెబుతుంటే అతనికే ఉత్సాహం వచ్చింది. రవిశంకర్ లారీ వస్తోందని చూపించడం, గట్టు తోయడం చెప్పాడు. కోటప్పకొండ తిరనాళ్లకు బండి తోసుకుపోవడం, దీపాలు కట్టిన ప్రభల వెలుగులో నిలబడి మొదటి వాయి తినడం చెప్పాడు. ఇలియాస్ కూడా నోరు తెరుచుకుని విన్నాడు. రవిశంకర్ కళ్లు తుడుచుకుని, "చూశారా?" అన్నాడు.

"ఎప్పుడు బాబాయ్ ఇదంతా?" అంది అఫ్రీన్, గోడ దగ్గర నుంచి. ఎగతాళి లేదు. కథ వింటున్న పిల్ల అడిగినట్టే అడిగింది. "నేను చేరినకాణ్ణించీ ఒక్కసారి కూడా చూళ్లేదు."

"ఎందుకు చూళ్లా? మొన్న కూడా..." అని జయకర్ ఆగాడు.

మొన్న స్టవ్ పక్కన నిలబడి తిన్నది తనొక్కడే. అంతకుముందు? తన చేయీ మూతా కనిపిస్తున్నాయి. ఎదురుగా రవిశంకర్ చేయి కనిపిస్తోంది. కానీ ఆ చేతి వెనక ఉన్న గోడ బండి రోజులది, టార్పాలిన్ గోడ. అద్దాల తలుపులు, టైల్స్ ఉన్న వంటగదిలో ఆ చేతిని పెట్టి చూడబోతే నిలబడలేదు. ఇన్నేళ్లుగా తను ఒంటరిగా తింటూ, ఎదురుగా ఆ మనిషిని మనసులోంచి తెచ్చి కూర్చోబెట్టుకుంటున్నాడు. ఆకలి వేసినంత మామూలుగా, రోజూ. తండ్రికి చెప్పిన "తింటన్నాం"లు కూడా ఒకటొకటిగా గుర్తొచ్చాయి. వాటిలో ఏది నిజమైన చివరిదో తెలియలేదు.

అతను రవిశంకర్ వైపు తిరిగాడు. "రవీ," అన్నాడు. ఆ పిలుపు తన నోట్లోంచి వచ్చిందని అతను గమనించలేదు. "మనం ఆఖరున ఎప్పుడు తిన్నాం రా?"

"ఎప్పుడేంది? మొన్న తిరనాళ్లప్పుడు..."

"మొన్న తిరనాళ్లకి మనం బండి ఎయ్యలా."

"అంతకుముందేడు..."

"అప్పుడూ ఎయ్యలా. షాపు పెట్టినకాణ్ణించి ఎయ్యలా."

 భార్య రోహిణి రోజూ ఇంటి నుంచి పంపితే కౌంటర్ మీద తను తినే స్టీలు క్యారియర్ రవిశంకర్‌కు గుర్తొచ్చి ఉండాలి. అతను కుర్చీ చేయి పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. ఎవరో తన జేబులోంచి ఏదో తీసేస్తే, తీసేదాకా అది అక్కడుందని తెలియనివాడి ముఖంలా ఉంది. జయకర్ ఆ ముఖం చూడలేకపోయాడు. తన ముఖమూ అలాగే ఉందేమో అనుకున్నాడు.

 ఆదినారాయణ గొంతు సవరించుకున్నాడు. ఓనర్లే తినని కూడును జీతమని ఇక అనలేమని మిగతా ఓనర్లతో గుసగుసలాడి, చివరికి తేల్చాడు. తిండి జీతంలోకి రాదు. కనీస వేతనం చేతికి ఇవ్వాలి. అయితే రేపటి నుంచి ఎవరి తిండి వాళ్లు తెచ్చుకోవాలి.

"ఇనప కంపు కూడా తప్పింది, పో!" అని ఇలియాస్ అరిచాడు. ఈలలు పడ్డాయి. అఫ్రీన్ వచ్చి జయకర్ చేయి పట్టుకుని ఊపింది. బయట రవిశంకర్ స్కూటర్ తీశాడు. రోజూ అయితే వెనక సీటు మీద చరిచి "ఎక్కరా" అంటాడు. ఆ రోజు అనలేదు. జయకర్ ఎండలో నడిచి వెళ్లాడు.

మర్నాడు జయకర్ భార్య లీలావతి చద్ది డబ్బా కట్టి ఇచ్చింది. పప్పు, గోంగూర పచ్చడి. రవిశంకర్ కౌంటర్‌లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.  జయకర్ తోమి ఆరబెట్టిన మూకుడును పొయ్యి మీద పెట్టాడు. నూనె వేశాడు. అన్నం వేశాడు. అది బూడిద రంగుకు తిరిగింది.

"పారబొయ్యనా బాబాయ్?" అంది అఫ్రీన్.

"ఉండమ్మా."

అతను మూత తిరగేసి అన్నం అందులో పోశాడు. తీసుకెళ్లి కౌంటర్ మీద, కంప్యూటర్ పక్కన పెట్టాడు. రవిశంకర్ ఫోన్ దించి అన్నం వైపు చూశాడు. తర్వాత జయకర్ వైపు చూశాడు.

"దీన్నెక్కడ రాసుకోవాలిరా?" అన్నాడు. గొంతులో నిన్నటి మంట అలాగే ఉంది.

"ఎక్కడా రాయొద్దు."

 రవిశంకర్ కుర్చీ వెనక్కి జరిపి లేచి, చొక్కా చేతులు మడిచాడు. అవతలి వైపు నుంచి ఒక ముద్ద తీసుకున్నాడు. ఇవతలి వైపు నుంచి జయకర్ తీసుకున్నాడు. రవిశంకర్ నమలడం ఆపి ముఖం చిట్లించాడు.

"ఇంత కంపా రా ఇది?"

"అప్పుడూ ఇంతే."

"అప్పుడు తెలియలా."

ఇద్దరూ రెండో ముద్దకు చేయి చాచేలోపు అద్దాల తలుపు తెరుచుకుంది. దాచేపల్లి సిమెంటు లారీల వాళ్లు నలుగురైదుగురు లోపలికొచ్చారు. రవిశంకర్ వేళ్లు తుడుచుకుని, "దాచి పెట్టు, వస్తా," అని కంప్యూటర్ వైపు తిరిగాడు. జయకర్ మూతను జాగ్రత్తగా వంటగదిలోకి తెచ్చి వంటగట్టు మీద పెట్టాడు. దాని మీద పళ్లెం బోర్లించాడు. రెండో వాయి వేశాడు.

బేరం ఊపందుకుంది. పార్సిళ్లు, ఫోన్ ఆర్డర్లు. రవిశంకర్ గొంతు ముందు హాల్లోంచి వినిపిస్తూనే ఉంది, కానీ అతను లోపలికి రాలేదు. రాకపోవడంలో కోపం లేదని జయకర్‌కు తెలుసు. తీరిక లేదు. షాపు పెట్టిన కొత్తల్లోనూ బహుశా ఇలాగే జరిగి ఉంటుంది. ఒకరోజు తీరిక లేదు, మర్నాడు లేదు. అది ఆగిపోయిందని ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

నూడిల్స్ ఉడకబెట్టడానికి మూత కావలసి వచ్చింది. జయకర్ పళ్లెం తీసి చూశాడు. అన్నం చల్లారి గట్టిపడింది. రెండు వైపులా ఒక్కో ముద్ద మేర గుంట. మధ్యలో అన్నం అలాగే ఉంది. దాన్ని చెత్తబుట్టలో వంచి, మూత కడిగాడు.

ఆఖరున ఎప్పుడు తిన్నారని ఇక ఎవరడిగినా అతను చెప్పగలడు.