లాంబ్రోస్ భార్య పేరు

మా ఊరు మెసొలోంగిలో మగవాళ్ళు ఏడాదికి రెండు రోజులు వీరులవుతారు. ఊరు తన వీరుల్ని తలుచుకునే ఆ రెండు రోజుల కోసం ఆడవాళ్ళం వారమంతా ఇస్త్రీ చేస్తాం. వాళ్ళు నడుముకు కట్టుకునే తెల్ల కుచ్చుల ఫుస్తానెల్లాకు నాలుగు వందల మడతలుంటాయి, పరాయి పాలనలో మగ్గిన నాలుగు వందల ఏళ్ళకు గుర్తుగా అంటారు. ఆ లెక్క చెప్పినవాడెవడో గానీ ఎప్పుడూ ఇస్త్రీపెట్టె పట్టుకుని ఉండడు. ఉప్పుకయ్యల మీది గాలికి గంజి ఓ పట్టాన ఆరదు, ఆరేలోపు మడత జారుతుంది, జారితే మళ్ళీ మొదటికి. నా నడుము పడిపోయింది. కొత్తల్లో ఒకసారి ఒక వరుస మడతలు వంకరపోతే, ఊరంతా తన వెనకభాగం చూసి నవ్విందని మా ఆయన స్తాథిస్ పెళ్ళిళ్ళలో ఇప్పటికీ చెబుతాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, అలవాటైపోయింది.

ఆ శుక్రవారం నేను మడతలు పెడుతుంటే స్తాథిస్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని పేర్లు చదువుకుంటున్నాడు. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటి ముట్టడిలో ఏడాదిపాటు ఎలకల్నీ, నాచునీ తిని బతికి, చివరికి ఒక రాత్రి కోట తలుపులు తెరుచుకుని శత్రువుల మధ్యకు దూకి చచ్చిపోయినవాళ్ళ పేర్లు. శనివారం ఊరేగింపు వీరుల తోటకు చేరాక ఒక్కో పేరూ పిలుస్తారు, జనం ‘అమరుడు’ అని బదులిస్తారు. ఉత్సవ సంఘంలో ఈ ఏడు పిలిచే వంతు ఆయనది. గొంతు సవరించుకుని ‘లాంబ్రోస్’ అని చదివాడు. నా చెయ్యి ఆగింది.

లాంబ్రోస్ మా వాడు. మా అమ్మమ్మ వాళ్ళ వంశం. కానీ అమ్మమ్మ మాకు చెప్పింది ఆయన కథ కాదు, ఆయన భార్య కథ. కోట దాటిన ఆ రాత్రి ఆవిడ మగబట్టలు కట్టుకుంది. చంకలో పసివాడు. వాడు ఏడిస్తే ఊరు ఊరంతా దొరికిపోతుందని, అందరు తల్లుల్లాగే ఆవిడా వాడికి నల్లమందు పట్టింది. వాడు ఏడవలేదు. మరి లేవనూ లేదు. లేవడని తెలిశాక కూడా ఆవిడ వాణ్ణి దింపలేదట, కొండ మొదలు దాకా మోసి అక్కడ దెబ్బ తిని పడిపోయింది. ఆవిడ నడుంపట్టీ పట్టుకుని నడిచిన పెద్దకూతురు బతికింది. మేమంతా ఆ పిల్ల సంతానం. ఆ పిల్లకు తల్లి పేరు తెలియదు. పిల్ల అమ్మా అనే కదా పిలిచేది, ఊరేమో లాంబ్రోస్ పెళ్ళాం కాబట్టి లాంబ్రెనా అనేది. నేను స్తాథిస్ పెళ్ళాన్ని కాబట్టి నన్ను స్తాథెనా అంటున్నట్టే. నా పేరు సెప్టెంబరులో అదే పేరున్న పునీతురాలి పండుగ నాడు ఒక్కసారి వినబడుతుంది. ఆ పూట వచ్చినవాళ్ళకు మిఠాయి చేసి పెట్టేదీ నేనే.

“లాంబ్రోస్ తరవాత ఆవిణ్ణి కూడా పిలువు,” అన్నాను.

“పేరేంటి?”

“తెలీదు. పిల్లాడికి మందు పట్టిన సంగతి చెప్పి, లాంబ్రోస్ భార్య అను, చాలు.”

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “లాంబ్రోస్ పేరుంది కదా, అందులోనే ఆవిడా వచ్చేసింది,” అన్నాడు. ఊరు గర్వపడ్డానికి వస్తుంది గానీ ఇలాంటివి విని ఏడవడానికి రాదన్నాడు. కాలర్‌కు కూడా కాస్త గంజి పెట్టమన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో నేను అడిగినవాటికి చాలాసార్లు వద్దనిపించుకున్నాను. ఉద్యోగం, ఐతోలికోలో మా అమ్మ దగ్గర ఓ నెల, ఇంటి పేపర్ల మీద నా పేరు. ఏదీ ఇంత లోపలికి దిగలేదు. అందులోనే వచ్చేసిందట. నేనూ ఎక్కడో అలాగే వచ్చేశానన్నమాట.

శనివారం సాయంత్రం ఆయనకు మడతలు సర్ది, వెనక ముడి వేసి పంపించాను. ఊరేగింపు డప్పులు వీధి చివరకు వెళ్ళేదాకా వినబడ్డాయి. ఆ తోటలో పేర్లు పిలవడం నేనెప్పుడూ చూడలేదు. తిరిగొచ్చేసరికి సంఘం వాళ్ళకు భోజనం సిద్ధంగా ఉండాలి. ఈస్టరు ముందరి ఉపవాసాల్లో ఆ రోజు చేప పనికిరాదు గానీ చేపగుడ్డు పనికొస్తుంది. ఎండబెట్టిన గుడ్డును పల్చగా కోస్తూ, పొయ్యి మీద చిక్కుడుగింజలు చూసుకుంటూ, అత్తయ్యతో జరిగిందంతా చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు.

“చచ్చినావిడ సంగతి వదిలెయ్యి అమ్మాయ్,” అంది. “నా పేరు నాకే డాక్టరు గదిలోంచి పిలిస్తే గానీ గుర్తు రాదు.”

నవ్వుతూనే అంది. నాకు మాత్రం చెప్పలేనంత భయం వేసింది. పొయ్యి ఆపేశాను.

“గింజలింకా ఉడకలేదు,” అంది.

“ఉడకలేదత్తయ్యా,” అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాను.

తోటలో జనం కిక్కిరిసి ఉన్నారు. చేపగుడ్డు వాసన చేతులతో తోసుకుంటూ ముందు వరుసకు చేరాను. మైకు ముందు స్తాథిస్ తెల్లగా, నిటారుగా ఉన్నాడు, ఒక్క మడతా జారలేదు. అందంగా ఉన్నాడు, అది కూడా ఒప్పుకోవాలి. పేరు పిలవడం, అమరుడు అనడం, చిన్న మౌనం, మళ్ళీ పేరు. చుట్టూ ఉన్న ముసలాళ్ళు ఏడుస్తున్నారు. నాకూ ఏడుపొచ్చింది. వాళ్ళు చచ్చిపోయింది మాకోసమే, అందులో నాకు అనుమానం లేదు. లాంబ్రోస్ పేరు పిలిచినప్పుడు నేనూ అందరితోపాటు అమరుడనే అన్నాను. తరవాతి మౌనం వచ్చింది. ఇప్పుడు అనకపోతే ఇంటికెళ్ళి మళ్ళీ పొయ్యి వెలిగిస్తాను, అంతే.

“లాంబ్రోస్ భార్య,” అన్నాను గట్టిగా. “ఈ ఊరు తప్పించుకోవాలని తన బిడ్డ నోరు మూసింది. ఆవిడ పేరు ఎవరూ గుర్తుంచుకోలేదు. అందుకని నా పేరు ఇస్తున్నాను. పొలిక్సేని.”

జనంలో ఎవరూ ‘అమరురాలు’ అనలేదు. స్తాథిస్ తరవాతి పేరు కోసం కాగితం వెతుక్కుంటున్నాడు. పక్కనున్న సంఘం కార్యదర్శి ఆయన వైపు వంగాడు.

“పొలిక్సేని ఎవరు?” అన్నాడు. మైకులో వినబడింది.

“మా ఆవిడ,” అన్నాడు స్తాథిస్. అదీ వినబడింది.

నేను మళ్ళీ పిలిచాను, ఈసారి పేరొక్కటే.