పాళెం దొరువు

వాకాడుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఆ పట్టపుపాళెంలో జాలరులందరికీ ఒకటే దొరువు. ఇసకలో తవ్విన గుంట, అందులో ఊరే తియ్యటి నీళ్ళు. అది పోతే ఇంకొకటి దూరాన రెడ్డిగారి సరుగుడు తోపులో ఉంది. అంత దూరం ఇసకలో బిందె మోసిన ఆడదానికి ఆ పూట మళ్ళీ నడుం లేవదు. పేరమ్మ చిన్నతనంలో ఆ మోత మోసింది. అందుకే పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో ఆ పని చేసింది.

మనవరాలు అంకాలమ్మ తల్లి లేని పిల్ల. తింటే కక్కుతుంది, తినకపోతే కడుపు పట్టుకుని ఏడుస్తుంది. కోట ఆస్పత్రి డాక్టరు దాని చిగుళ్ళ మీద నల్లటి గీత చూసి, ఒంట్లో సీసం చేరిందేమో, తాగే నీళ్ళు పరీక్ష చేయించాలన్నాడు. ఆ మాట పాళెం చేరేసరికి, సర్కారువాళ్ళొచ్చి దొరువు పూడ్చేస్తారంట అన్నంత పెద్దదయింది.

హెల్త్ ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్య వచ్చిన రోజు ఇసక కాలిపోతోంది. ఆయన పేరమ్మ పందిట్లో చతికిలబడి, "ఈ బుడ్లు దొరువు నీళ్ళతో నువ్వే నింపుకరా పెద్దమ్మా" అన్నాడు. సర్కారువారి శ్రద్ధ ఆ పందిరి దాటలేదు. పక్కింటి పెంచలమ్మ, తక్కిన ఆడవాళ్ళు ఏదో ఒకటి చెయ్యమన్నట్టు పేరమ్మ వంక చూశారు. ఆమె బుడ్లు తీసుకుని తోపు దాకా పోయి, రెడ్డిగారి దొరువులో ముంచి తెచ్చింది. ఇంత ఆలస్యమేమని ఆయన అడగలేదు. నిద్రపోతున్నాడు.

ఇప్పుడు ఆయన మళ్ళీ వచ్చాడు.

"నీళ్ళు బాగుండాయి. సీసం లేదు" అన్నాడు.

ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. పెంచలమ్మ ఆయనకు మజ్జిగ తెచ్చింది.

"మరి మా బిడ్డకేంది?" అన్నాడు పేరమ్మ కొడుకు, అంకాలమ్మ తండ్రి మాల్యాద్రి.

"నీళ్ళ వల్ల కాదని తేలింది గదా. డాక్టరుగారు ఆ మాట వదిలేసి, ఇంక కడుపులో పురుగులకి మందిస్తానన్నాడు."

లోపల పిల్ల కక్కుకుంటోంది. పేరమ్మ పోయి మూతి తుడిచి వచ్చింది. పదిమంది కోసం చేశానని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది గానీ, ఆ పదిమందిలో ఈ పిల్ల ఇక ఉండదేమోనని ఇప్పుడు భయం పట్టుకుంది. దాచి దాచి అలిసిపోయింది కూడా.

"అయ్యా, అవి ఈ దొరువు నీళ్ళు కాదు. తోపులోవి. పూడ్చేస్తారని భయపడి నేనే తెచ్చినా" అంది.

పెంచలమ్మ విసురుగా లేచి దూరం జరిగింది. పద్మనాభయ్యకు కోప్పడే ఓపిక లేదు. ఆ రోజు పందిట్లో తీసిన కునుకు గుర్తొచ్చిందో ఏమో, తల దించుకుని చెప్పులు వేసుకున్నాడు.

"పదండి, నీళ్ళు నేనే పట్టుకుంటా."

దొరువు గట్టంతా ఇసక నల్లబడి ఉంది. కాలితో కెలికితే బొగ్గులు, బూడిద, మధ్యన సన్నటి లోహపు పెచ్చులు. ఆయన ఒకటి తీసి గోటితో గీశాడు. మెత్తగా గీత పడింది.

"ఇక్కడ సీసం కరిగించేది ఎవురు?"

అందులో దాపరికమేమీ లేదు. వలలు మునిగేందుకు కట్టే సీసపు గుండ్లు పోసుకోవడానికి చెమ్మ ఇసకే అచ్చు, అది దొరికేది దొరువు గట్టునే. చల్లార్చడానికి నీళ్ళూ అక్కడే. వాన కురిస్తే ఆ సీసపు మష్టంతా గుంటలోకే జారుతుంది. తాతలనాటి పని, తప్పని ఎవరికి తోస్తుంది? పైగా ఆ పని జరిగినంతసేపూ అంకాలమ్మ తండ్రి పక్కనే కూర్చుని, ఆ ఇసకతోనే బువ్వలాట ఆడి నోట్లో వేసుకునేది.

మాల్యాద్రి ముందుకొచ్చాడు. "పాళెం వలలన్నిటికీ పోసేది నేనేనయ్యా."

పద్మనాభయ్య బుడ్లలో నీళ్ళు, పొట్లంలో ఇసక తీసుకున్నాడు. "ఫలితం వచ్చిందాకా చూడబాకండి. ఈ పొద్దు నించే ఈ నీళ్ళు తాగబాకండి. తెల్లారి బిడ్డను కోటకు తీసుకురండి, నేను డాక్టరుగారికి చెప్తా" అని, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు పేరమ్మను తప్పుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. మాల్యాద్రి గట్టు మీదే కూలబడ్డాడు.

"నేను పోసిందేనా అమ్మా, బిడ్డ ఒంట్లో ఉండేది?"

కాదనడం తేలిక. పేరమ్మ ఆ అబద్ధం ఆడకుండా కొడుకు పక్కన కూర్చుంది.

"తెలిసి చేసినావా నాయనా" అంది.

అతను ఇంటికి పోయి బిందె తీసుకున్నాడు. ఆ పాళెంలో మొగవాడు నీళ్ళ బిందె ముట్టగా చూసినవాళ్ళు లేరు. ముట్టినవాణ్ణి ఆడంగివాడని ఏడిపిస్తారు. మాల్యాద్రి బిందె భుజానికెత్తుకుని తోపు వైపు నడిచాడు. గుడిసెల ముందు వలలు బాగుచేసుకుంటున్న మొగవాళ్ళు తలెత్తి చూశారు గానీ ఎవరూ నవ్వలేదు. వాళ్ళిళ్ళల్లోనూ చిన్నపిల్లలున్నారు.