గట్టు జట్టు

చింతపండు గుజ్జు దగ్గరపడి నూనె పైకి తేలుతుండగా వంటింటి గుమ్మంలో మా ఆయన గొంతు వినిపించింది.

"మృదులా, మావాళ్లు వచ్చేస్తున్నారు. పులిహోర కాస్త ఎక్కువే కలుపు. పోయినసారి శేఖర్ మారు అడిగితే వడ్డించడానికి లేకపోయింది."

పోయినసారి నేను తినడానికే లేకపోయింది. అది భార్గవ్‌కి గుర్తుండే విషయం కాదు.

ఆయన పిట్టల క్లబ్బు సభ్యుడు. ఏటా చలికాలంలో ఆ క్లబ్బువాళ్లంతా కోరంగి మడ అడవులకి వెళ్లి, ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో వచ్చిన పక్షుల్ని చూసి, లెక్కపెట్టి వస్తారు. శంషాబాద్‌లో విమానం ఎక్కాలి. మామిడిపల్లి దాటాక మా కాలనీ. ఎయిర్‌పోర్టు దగ్గర ఇల్లు కట్టుకున్నవాళ్ల ఇల్లు ఇల్లు కాదు, సత్రం. ప్రయాణం రోజు టిఫిన్లు మా ఇంట్లో. కార్లు మా సందులో. అది చాలక, ఎవరు ఏ జట్టులో ఉండాలో తేల్చుకునే సమావేశం కూడా మా హాల్లోనే. ఇవాళ ఆ సమావేశమే.

"పిట్టలు సూడనీకి గింత పులిహోరనా అక్కా?" అంది కరివేపాకు దూస్తున్న భాగ్యమ్మ. "మన చెర్వుల లేవా పిట్టలు? గంత దూరం పోవుడేంది?"

"అక్కడ గోదావరి సముద్రంలో కలుస్తుంది భాగ్యమ్మా. ఆ పిట్టలు వేరు."

"నువ్వు సూసినవా?"

"నేను పుట్టి పెరిగిందే అక్కడ."

భాగ్యమ్మ చెయ్యి ఆగింది. "మరి నువ్వెందుకు పోవు?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబులకి కొదవలేదు. ఒక ఏడాది నేను నెలలు నిండి ఉన్నాను. ఒక ఏడాది పిల్లకి అమ్మవారు పోసింది. ఒక ఏడాది అత్తగారి మోకాలి ఆపరేషన్. ఇంకో ఏడాది ఈ ఇంటికి మార్బుల్ వేయిస్తున్నారు, మేస్త్రీలకి టీలు ఇచ్చే మనిషి కావాలి. "వచ్చే ఏడు తప్పకుండా నిన్ను తీసుకెళ్తా" అనేవారు భార్గవ్, నేను సర్దిన పెట్టె తీసుకుని గుమ్మం దిగుతూ. "ఇంటి కోడలు పిట్టల వెంట పడితే దీపం ఎవరు పెడతారే అమ్మాయ్?" అనేవారు అత్తగారు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆ కారణాలన్నీ నిజమే. ఒక్కటీ కల్పించింది కాదు. అందుకే నాకెప్పుడూ అనుమానం రాలేదు.

మా నాన్న పట్టాభిరామయ్య కాకినాడ పోర్టు ఆఫీసులో పనిచేసేవారు. ఆదివారాలు నన్ను లాంచీలో, గోదావరి సముద్రంలో కలిసే మొగ దాకా తీసుకెళ్లేవారు. పాటు తీసి నీళ్లు వెనక్కి వెళ్లినప్పుడు బురద మేటలు బయటపడేవి, కొడవలిలా వంగిన ముక్కులతో పెద్ద ఉల్లంకి పిట్టలు ఆ మేటల మీద ఎక్కడెక్కడో చెదిరిపోయి మేసేవి. నేను దగ్గరికి వెళ్దామని గోల చేసేదాన్ని. "వెళ్తే ఎగిరిపోతాయమ్మా. ఆగు. పోటు వచ్చిందంటే నీళ్లే వాటిని తోసుకొచ్చి మన ముందు నిలబెడతాయి" అనేవారు నాన్న. అలాగే జరిగేది. నీళ్లు పెరిగిన కొద్దీ పిట్టలన్నీ ఒకే ఇసుక తిన్నె మీదికి చేరేవి. తిన్నె కనిపించేది కాదు, రెక్కలే. ఒకసారి మడ చెట్ల వేళ్ల మధ్య బావురుపిల్లి చేపని నోట కరుచుకుని, లాంచీని లక్ష్యపెట్టకుండా నడిచివెళ్లింది. ఆ నడక ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. నాన్న ఆగమన్నది పిట్టల కోసం. ఆ ఆగడాన్ని నేను కాపురానికి కూడా వాడేశాను.

"మృదుల గారూ, లోపలికి రావచ్చా?"

సింధు. ఈ ఏడాదే క్లబ్బు ప్రయాణాలన్నీ ఆ అమ్మాయి చేతికి వచ్చాయి. ఇన్నేళ్లలో సమావేశానికి వచ్చి వంటింట్లో అడుగుపెట్టిన మొదటి మనిషి.

"ఈసారి మీరు రావాల్సిందే అండీ. నేను ఏర్పాటు చేసేశాను. పడవ జట్టు చిన్నది చేసి, గట్టు జట్టు పెద్దది చేశాను. మీరు నీళ్ల దాకా రానక్కర్లేదు. కరకట్ట మీద కుర్చీ వేయిస్తా, అక్కణ్నుంచే చూడొచ్చు."

"పడవ ఎక్కితే నాకేమవుతుంది?"

సింధు గొంతు తగ్గించింది. "అందులో సిగ్గుపడేదేముందండీ. మా పెద్దమ్మకీ నీళ్లంటే భయమే. భార్గవ్ గారు చేరిన మొదటి ఏడాదే చెప్పారట. మీరు పడవ చూస్తేనే వణికిపోతారని, తను ఎప్పుడూ పడవ ఎక్కనని మీ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారని. పాపం, ఆ ఒక్క మాట కోసం ఆయన ఏటా గట్టు మీదే ఉండిపోతారు. మా క్లబ్బులో ఆడవాళ్లందరికీ మీరంటే అసూయ, తెలుసా?"

గరిటె బాణలిలో ఆగిపోయింది.

పెళ్లయిన తర్వాత మొదటి చలికాలం. నాన్న కొత్త అల్లుడికి మొగ చూపిస్తానని లాంచీ ఎక్కించారు. పాయ దాటి మొదటి అల తగలగానే భార్గవ్ ముఖం పాలిపోయింది. రెండో అలకి నా పట్టుచీర మీద వాంతి చేసుకున్నారు. తిరిగి రేవు చేరేదాకా ఆయన తల నా ఒళ్లోనే ఉంది. నాన్న జేబులోంచి అల్లం ముక్క తీసి ఇస్తే, చెక్కు తీసి ఆయన బుగ్గన పెట్టాను. రేవులో దిగాక నాన్న నన్ను పక్కకి పిలిచి, "ఎవరితోనూ అనకమ్మా. అల్లుడు చిన్నబుచ్చుకుంటాడు" అన్నారు. నేను అనలేదు. మా అమ్మతో కూడా అనలేదు. ఎంత గట్టిగా దాచానంటే, నాకే గుర్తులేనంతగా దాచాను.

పడవ పడనిది ఆయనకి. భయం నాకు అంటగట్టారు.

ఇక మిగతాదంతా దానంతట అదే విడిపోయింది. నేను ఒక్కసారి కోరంగి వెళ్లి పడవలో కాలు పెడితే చాలు, ఆ ఒట్టు బూటకమని బయటపడుతుంది. అందుకే నేను వెళ్లకూడదు. ఆపరేషన్ నిజమే, మార్బుల్ నిజమే, కానీ అవి లేకపోయినా ఇంకొకటి దొరికేది. కిందటేడు కూడా నాన్న ఫోన్లో అడిగారు, "పిట్టలొచ్చాయమ్మా, ఈసారైనా వస్తావా?" అని. అత్తగారి కాలు బాగాలేదు నాన్నా అన్నాను.

"ఆ ఇసుక తిన్నె ఇంకా ఉందా సింధూ? మొగ దగ్గరిది?"

"సగం సముద్రం కోసేసిందండీ. పిట్టలు కూడా మునుపటంత రావడంలేదు. మీకెలా తెలుసు తిన్నె సంగతి?"

నేను బాణలి వైపు తిరిగాను. సింధు హాల్లోకి వెళ్లాక పొయ్యి కట్టేశాను.

"భాగ్యమ్మా, నేను ఊరెళ్తే అత్తయ్యని చూసుకుంటావా?"

అంతా విన్న మనిషి, వివరాలు అడగలేదు. "నువ్వు పో అక్కా. పెద్దమ్మను నేను సూసుకుంట. ఆమెకు నేనంటేనే జర భయం."

హాల్లో సింధు పేర్లు చదువుతోంది. "గట్టు జట్టు: భార్గవ్ గారు, ఇంకా ఈసారి మొదటిసారిగా మృదుల గారు!"

చప్పట్లు. భార్గవ్ చేతిలో కప్పు నోటి దగ్గర ఆగింది.

"మృదులకి కుదరదండీ. అమ్మ మోకాళ్లు..."

"అవును, నా మాత్రలెవరిస్తారు?" అన్నారు అత్తగారు సోఫాలోంచి.

"భాగ్యమ్మ ఇస్తుంది అత్తయ్యా, మాట్లాడాను." సింధు వైపు తిరిగాను. "నన్ను గట్టు మీద కాదు, పడవ జట్టులో వేయండి."

"మరి మీ భయం?"

"నాకు నీళ్లంటే భయం లేదు. ఎప్పుడూ లేదు."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. నాన్నకిచ్చిన మాట అలాగే ఉంది. కానీ బడంగ్‌పేట్ శేఖర్ ఊరుకునే మనిషి కాదు.

"గట్లనా! అయితే ఇగ ఒట్టు తీరినట్టే కద భార్గవన్నా! ఇన్నేండ్లు గట్టు మీద కూసోని పిట్టల తోకలే సూసినవు. సింధూ, అన్నను గూడ పడవల రాయి. మొగ దాకా తీస్కపోదాం!"

అందరూ గట్టిగా నవ్వారు. సింధు ఆయన పేరు పడవ జట్టులోకి మార్చేసింది. భార్గవ్ నా వైపు చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆయన పేరు మర్చిపోయిన బంధువు ఎదురైనప్పుడు, ఆఫీసులో ఎగ్గొట్టిన పనికి సాకు కావలసినప్పుడు, ఏదో ఒకటి చెప్పమని అడిగే చూపు. నేను ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పేదాన్ని.

వంటింట్లోకి వచ్చేశాను. వెనకే వచ్చారు.

"మృదులా, వాళ్లకి చెప్పు. సరదాకి అన్నానని, భయం నిజమేనని చెప్పు. ఈ ఒక్కసారికి." చెమట పట్టింది ఆయనకి. "అప్పుడేదో నోటికొచ్చింది, అన్నాను. దాని వల్ల నీకేం నష్టం జరిగింది చెప్పు?"

మేడ మీదుగా విమానం దిగుతోంది. గిన్నెలు సన్నగా అదిరాయి. సగం కోసుకుపోయిన తిన్నె గురించి చెబుదామనుకున్నాను. ఫోన్ అవతల నాన్న "సరేలేమ్మా" అన్న గొంతు గురించి చెబుదామనుకున్నాను. ఏదీ ఈయనకి అందదు.

"నాకు పడవ పడదు మృదులా, ఇద్దరం గట్టు మీద కూర్చుందామా అని మీరు అడిగి ఉంటే, అన్ని చలికాలాలూ మీ పక్కనే కూర్చునేదాన్ని" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. నిజంగా భయపడుతున్న మనిషిలా అడిగారు, "మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఫ్రిజ్ తలుపు మీదికి నా చెయ్యి వెళ్లింది. ఆగింది.

"అల్లం కింది అరలో ఉంది. చెక్కు మీరే తీసుకోండి."

పళ్లెం తీసుకుని, హాల్లోవాళ్లకంటే ముందు నాకు వడ్డించుకున్నాను.